కథ చెప్పినాక మళ్ళీ ఎందుకు వివరిస్తారు? – ఈ నెల పాఠకుల ప్రశ్నలు

అందరికీ వందనాలు. పోయిన నెల ఈ పేజీలో ప్రసంగంలో కథల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వస్తాయని అనుకోలేదు, ఎక్కువ కందుకూరు, పొదిలి, కోవూరు వైపు నించే. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న (కందుకూరు దగ్గర పల్లె నుంచి ఒక యువ పాస్టరు): అయ్యగారూ, మూడేళ్ళ నించి చిన్న సంఘం చూసుకుంటున్నా. ప్రతి ఆదివారం మూడు పాయింట్లు రాసుకుని రిఫరెన్సులన్నీ పెట్టుకుని వాక్యం చెప్తాను. మొదటి పాయింటు అయ్యేసరికే వెనకవైపు తలలు వాలిపోతుంటాయి. మధ్యలో ఒక కథ చెప్తే లేచి కూర్చుంటారు. కథ అయిపోయి "ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే" అనగానే మళ్ళీ నిద్ర. కథలు ఎక్కువ పెట్టాలా? పెడితే వాక్యం తక్కువైపోదా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నిద్రపోయేవాళ్ళ మీద కోపం పెట్టుకోబాక. వారమంతా మిర్చి కోతలకి, పొగాకు పనులకి పోయి ఆదివారం ఒక్కరోజు ఫ్యాను కింద కూర్చుంటే ఎవరికైనా కన్ను మూతపడుద్ది. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడతా ఉంటే ఐతుకు అనే కుర్రోడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నించి కింద పడ్డాడని అపొస్తలుల కార్యములు 20లో రాసుంది కదా, పౌలు ప్రసంగంలోనే నిద్ర వచ్చిందంటే మనం ఏపాటి.

అయితే నీ ప్రశ్నలో నన్ను ఆపింది నిద్ర కాదు, "కథలు పెడితే వాక్యం తక్కువైపోదా" అన్న మాట. నువ్వు కథ వేరు, వాక్యం వేరు అనుకుంటున్నావు. చేదు మందు మింగించడానికి ముందు బెల్లం ముక్క పెట్టినట్టు కథ పెట్టి, వాళ్ళు నోరు తెరవగానే పాయింటు వేస్తున్నావు. వాళ్ళకి అది తెలిసిపోయింది, అందుకే బెల్లం తినేసి నోరు మూసుకుంటున్నారు. యేసుప్రభువు ఉపమానం లేకుండా జనానికి ఏమీ బోధించలేదని మత్తయి 13:34లో ఉంది, ఆయన దగ్గర కథ మందుకి ముందు బెల్లం కాదు, మందే కథ.

నాతాను ప్రవక్త సంగతి చూడు. దావీదు రాజు, చేతిలో కత్తి ఉన్నవాడు, ఇంకొకడి భార్యని తెచ్చుకున్న తప్పు చేసి దాచుకున్నవాడు. నాతాను పోయి "వ్యభిచారం గురించి మూడు విషయాలు" అని మొదలుపెట్టలేదు. ఒక ఊళ్ళో ఇద్దరు మనుషులు, ఒకడు ధనవంతుడు ఒకడు పేదవాడు, పేదవాడికి ఒకే ఒక్క చిన్న గొర్రెపిల్ల. ఆ పిల్ల వాడి ముద్దలోదే తిని, వాడి గిన్నెలోదే తాగి, వాడి కౌగిట్లో పడుకుని కూతురి లాగా పెరిగింది. చుట్టం వస్తే ధనవంతుడు సొంత మంద ముట్టుకోకుండా ఆ పిల్లని పట్టుకుపోయి వండించాడు. ఇంతే కథ, చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టదు. దావీదుకి కోపం వచ్చి, వాడు చావాల్సిందే అని తీర్పు తనే చెప్పేశాడు. అప్పుడు నాతాను ముందు అన్నది "ఆ మనుష్యుడవు నీవే" అని రెండు ముక్కలు. కథకీ తీర్పుకీ మధ్యలో నాతాను వివరణ ఇవ్వలేదు, తీర్పు వినేవాడి నోట్లో నించే రానిచ్చాడు. ఆ గొర్రెపిల్ల గిన్నెలోదే తాగిందన్న చిన్న వివరం లేకపోతే దావీదుకి అంత కోపం వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకోటి చెప్తాను, ఇది నా కళ్ళ ముందు జరిగింది. పొదిలి వైపు ఒక పల్లెలో సాయంత్రం కాటేజ్ మీటింగు, వేపచెట్టు కింద, మిర్చి కోతల నించి అప్పుడే ఆటోలు దిగి వచ్చిన ఆడోళ్ళు చేతులు మండుతున్నా కడుక్కుని కూర్చున్నారు. నేను మత్తయి 20 చెప్పాను, ద్రాక్షతోట కూలీల కథ. తెల్లారకముందే అడ్డా మీద నిలబడ్డ కూలీల్ని యజమాని మాట్లాడుకుని తీసుకుపోయాడు, రోజుకి ఒక దేనారం అని. మళ్ళీ తొమ్మిదికి పోయాడు, పన్నెండుకి, మూడుకి, ఆఖరికి పొద్దుగూకే ముందు అయిదింటికి పోయి ఇంకా నిలబడి ఉన్నవాళ్ళని కూడా పిలుచుకొచ్చాడు. కూలి లెక్క కట్టేటప్పుడు ఆఖరున వచ్చినవాళ్ళకి ముందు ఇచ్చాడు, అదే దేనారం. తెల్లారి నించి ఎండలో చేసినవాళ్ళకీ అదే దేనారం. అంతవరకు చెప్పి ఆగాను.

ఒకామె వెంటనే "ఇదేం న్యాయమయ్యా, పొద్దున్నించి నడుం ఇరిగేటట్టు చేసినోళ్ళకి, గంట చేసినోళ్ళకి ఒకటేనా, రేపు ఎవురన్నా పొద్దున్నే పోతారా ఆయన చేలోకి?" అనింది. పక్కనామె కూడా అవునని. వాళ్ళల్లో వాళ్ళకి మాట పెరిగింది, నేను నోరు తెరవలా. తెరిచి "దేవుని కృప" అని అనబోయాను కూడా, ఆపుకున్నా. అప్పుడు వెనకాల చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చున్న ముసలామె, ఈమధ్య వయసైపోయిందని మేస్త్రీలు పిలవడం మానేసిన మనిషి, మెల్లగా అనింది, "సాయంత్రం దాకా నిలబడి చూడండి, ఎవురూ పిలవకపోతే ఎట్టా ఉంటదో. ఇంటికాడ పిల్లలు ఉంటారు గదా, వాళ్ళకి అర ముద్ద సాలుద్దా?" అని. ఎవరూ మాట్లాడలా తర్వాత. ఆ రోజు వాక్యం చెప్పింది ఆమె, నేను కాదు. నేను ఆ "కృప" అన్న మాట ముందే అనేసి ఉంటే ఆమె నోరు తెరిచేదే కాదు.

కాబట్టి నువ్వు కథలు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. ఉన్న ఒక్క వాక్యభాగాన్నే కథగా చెప్పు, అందులో చిక్కు ఎక్కడుందో వెతుకు (ప్రతి కథలో ఒక చిక్కు ఉంటది, ఎవరికో ఏదో కావాలి, అది దొరకట్లా), ఆ చిక్కు వినేవాళ్ళకి తగిలేదాకా విప్పబాక. మూడు పాయింట్లలో రెండు పక్కన పెట్టు, వచ్చే నెలకి పనికొస్తాయి. మిగిలిన ఒక్కదాన్ని ఒకే వాక్యంగా నోట్‌బుక్కులో రాసుకో, అది నీ కోసం, జనానికి చదివి వినిపించడానికి కాదు. ఆ ఒక్క వాక్యం రాయలేకపోతున్నావంటే ఇంకా ప్రసంగం తయారవలేదని అర్థం, శనివారం రాత్రి ఇంకో గంట మోకాళ్ళ మీద ఉండు.

ప్రశ్న (కోవూరు నుంచి ఒక సండే స్కూల్ టీచరమ్మ): అయ్యగారూ, పిల్లలకి ఏ కథ మొదలుపెట్టినా "ఆంటీ ఇది మాకు తెల్సు" అంటారు. తప్పిపోయిన గొర్రె, విత్తువాడు, అన్నీ తెలుసంట. స్త్రీల సమాజంలో చెప్పమన్నా అంతే, పెద్దవాళ్ళు ముందే తలకాయ ఊపేస్తారు. తెలిసిన కథని ఎట్లా చెప్పాలి?

జవాబు: అమ్మా, వాళ్ళకి తెలిసింది కథ పేరు, కథ కాదు. ఒకసారి అడిగి చూడండి, ఆ విత్తేవాడు విత్తనాలు దారి పక్కన ఎందుకు పారేశాడు, పిచ్చోడా అని. కనిగిరి, పొదిలి మెట్ట చేలల్లో మనవాళ్ళు గొర్రుతో విత్తుతారు, జడ్డిగంలో గింజ పోస్తే సాల్లోకే పోద్ది, దారి మీదకి పోనే పోదు. అందుకని మెట్ట రైతుకి ఈ ఉపమానం మొదటి ముక్కలోనే అడ్డం తగులుద్ది, పైకి అడగడు అంతే. యేసుప్రభువు కాలంలో అక్కడ గింజ చేత్తో చల్లేవాళ్ళు, మీ కోవూరు వైపు నారుమడిలో వడ్లు చల్లినట్టే. చేత్తో చల్లితే గట్టు మీద కూడా నాలుగు గింజలు పడతాయి, మీ పిల్లలు చూసే ఉంటారు, కోళ్ళు ఆ గట్టు మీదకే వస్తాయి ముందు. అక్కడ నించి మొదలుపెట్టండి, కోడి దగ్గర నించి. "తెల్సు" అన్న పిల్లోడు ఆగుతాడు.

గొర్రెల సంగతీ అంతే. మన నెల్లూరు జాతి గొర్రెకి ఉన్ని ఉండదు, ఒంటి మీద పొట్టి వెంట్రుకే, పొడుగు కాళ్ళు. సండే స్కూల్ గోడ మీద బొమ్మలో మాత్రం మబ్బు తునక లాంటి తెల్ల గొర్రె ఉంటుంది, పిల్లలు ఆ రెండూ ఒకటేనని అనుకోరు. యెషయా 1:18లో పాపాలు గొర్రెబొచ్చు లాగా తెల్లగా అవుతాయి అంటే మన పిల్లలకి ఏం కనపడుద్ది? కాబట్టి అక్కడి గొర్రె ఎట్లా ఉంటుందో ఒక ముక్క చెప్పండి, బొచ్చు కత్తిరిస్తారని, దాంతో బట్టలు నేస్తారని. తప్పిపోయిన గొర్రె చెప్పేటప్పుడు మాత్రం మన గొర్రెనే తీసుకోండి. కోత అయిపోయిన చేలల్లో ఎరువు కోసం మంద కడతారు చూడండి, రాత్రి ఆ మంద కట్టేటప్పుడు గొల్లాయన లెక్కపెడతాడు, ఒకటి తగ్గింది. చీకటి పడింది, నక్కలు అరుస్తున్నాయి. తొంభై తొమ్మిదిని వదిలి ఆయన పోవాలా వద్దా? పిల్లల్ని అడగండి. కొందరు వద్దంటారు, పోనీ ఒక్కటే కదా అంటారు. అననివ్వండి, వాళ్ళని కరెక్ట్ చెయ్యొద్దు అప్పుడే.

స్త్రీల సమాజానికి నా సలహా లూకా 15లోనే ఉన్న ఇంకో కథ, పది వెండి నాణేలామె. గొర్రెకి, చిన్న కొడుక్కి మధ్యలో ఇరుక్కుపోయి ఎవరూ చెప్పరు. ఆ నాణెం ఒకటి ఇంచుమించు ఒక రోజు కూలి, పది నాణేలంటే పది రోజుల కూలి, అందులో ఒకటి పోయింది. పగలైనా దీపం వెలిగించాల్సినంత చీకటి ఇల్లు, మట్టి నేల, చీపురు. చెవికమ్మ శీల పడిపోతే మంచం కింద చెయ్యి పెట్టి తడిమి, చీపురుతో ఊడ్చిన దుమ్ముని కూడా చాటలో పోసి చూసుకోని ఆడమనిషి మన సంఘంలో ఉందా? దేవుణ్ణి అట్లా చీపురు పట్టుకుని వెతికే ఆడమనిషితో పోల్చాడు ప్రభువు. అది మీరు విడమరిచి చెప్పొద్దు, ఆ చాట దగ్గరే కాసేపు ఉండండి.

ఇంకో చిన్న కిటుకు. చెప్పే ముందు ఒక వస్తువు ఎంచుకోండి, ఒక్కటే. నాతాను కథలో గిన్నె, ఈమె కథలో చీపురు, రూతు కథలో దుప్పట్లో పోయించుకున్న యవలు. మొత్తం కథ మర్చిపోయినా ఆ వస్తువు గుర్తుంటది, దాని వెనకాలే మిగతాది వస్తది.

ప్రశ్న (కావలి నుంచి): మా సంఘ పెద్ద ఒకాయన అంటారు, బైబిల్లో ఉన్నది ఉన్నట్టు చదవాలి గానీ సొంత మాటల్లో చెప్తే వాక్యాన్ని మార్చినట్టే అని. నిజమేనా?

జవాబు: ఆయన భయం మంచి భయమే, దాన్ని తీసిపారెయ్యొద్దు. అయితే మన బైబిలు గ్రాంథిక తెలుగులో ఉంది, "వెళ్లనొల్లక", "బతిమాలుకొనెను" అంటే పదో తరగతి పిల్లలకే తికమక. నేను చేసేది, ముందు వాక్యభాగం ఉన్నది ఉన్నట్టు నెమ్మదిగా చదివిస్తాను, తర్వాత పుస్తకం మూసి మన మాటల్లో చెప్తాను. రాయనిది ఏదన్నా ఊహించి కలిపితే "బైబిల్లో ఇది రాయలేదు గానీ నాకు ఇట్లా అనిపిస్తుంది" అని చెప్పేస్తాను, ఆ ఒక్క మాటతో పెద్దలకీ దిగులు పోద్ది.

నిజానికి మార్చేది సొంత మాటలు కాదు, అశ్రద్ధగా చదవడం. తూర్పు జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, కానుకలు మూడు, అంతే. తప్పిపోయిన కుమారుడు ఆస్తి అంతా వేశ్యలకి తగలేశాడని ప్రతి ప్రసంగంలో వింటాం. లూకా 15:13 తీసి చూడండి, దుర్వ్యాపారం వల్ల పాడుచేశాడని మాత్రమే ఉంది. వేశ్యల మాట ఎక్కడొచ్చింది? 30వ వచనంలో, పెద్ద కొడుకు నోట్లో. దూరదేశంలో తమ్ముడు ఏం చేశాడో ఆయనకి ఎట్లా తెలుసు? తెలిసో తెలియకో, కోపంలో అన్నాడో, రాయలేదు. మనం ఇన్నేళ్ళూ అలిగిన అన్న మాటని పట్టుకుని తమ్ముడి మీద కేసు రాశాం! పొలం పంపకాల్లో మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములున్న సంఘంలో ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు, ఎవరు ఎవరి గురించి ఏం అన్నారో వాళ్ళకే గుర్తొస్తది. పైగా ఆ కథకి ముగింపు లేదు, గమనించారా? తండ్రి బయటికొచ్చి బతిమాలతా ఉంటాడు, పెద్దోడు లోపలికి పోయాడా లేదా రాయలేదు. యోనా పుస్తకం కూడా అంతే, లక్షా ఇరవై వేల మంది, పశువులు కూడా ఉన్న నీనెవె గురించి నేను విచారపడొద్దా అని దేవుడి ప్రశ్నతో ఆగిపోద్ది. ప్రభువే తెరిచి వదిలేసిన తలుపుని మనం వేసెయ్యడం ఎందుకు?

ప్రశ్న (దర్శి నుంచి): బుర్రకథ, హరికథ పద్ధతిలో వాక్యం చెప్పొచ్చా? మాలో కొందరు ఒప్పుకోవట్లేదు.

జవాబు: చెప్పొచ్చు. క్రీస్తు కథని బుర్రకథగా చెప్పిన దళాలు మన తెలుగు దేశంలో ఎప్పటినించో ఉన్నాయి. తంబురా పట్టుకున్న కథకుడు నడిపిస్తా ఉంటే ఒక వంత హాస్యం పట్టించి, ఇంకో వంత ఊళ్ళో సంగతులు లాగి అడుగుతా ఉంటాడు, అంటే జనం మనసులో ఉన్న ప్రశ్నని వాళ్ళ తరఫున వంత అడిగేస్తాడు. హరికథలో పిట్టకథ ఎందుకు పెడతారో కూడా చూడండి, అసలు కథ బరువెక్కినప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోవడానికి. తంబురా లేకపోయినా ఈ రెండూ పల్పిట్ మీదకి తెచ్చుకోవచ్చు. ఒప్పుకోని పెద్దల్ని మాత్రం పక్కన పెట్టి చెయ్యొద్దు, ఒకసారి సెమీ క్రిస్మస్‌లో పెట్టి వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక యూత్ లీడరు): వాట్సాప్‌లో మంచి మంచి కథలు వస్తుంటాయి. పక్షిరాజు నలభై ఏళ్ళకి ముక్కు రాతికేసి కొట్టుకుని రాలగొట్టుకుని మళ్ళీ కొత్తది మొలిపించుకుని ముప్ఫై ఏళ్ళు బతుకుద్దని, ఇట్లాంటివి. వాడుకోవచ్చా? వింటే అందరూ హల్లెలూయ అంటారు.

జవాబు: వద్దు బాబూ. అది నిజం కాదు. ముక్కు ఊడిపోయిన పక్షి తిండి తినలేక చచ్చిపోద్ది, డెబ్భై ఏళ్ళు అడివిలో ఏ గద్దా బతకదు. నాసా కంప్యూటర్లకి యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిపోయిన రోజు దొరికిందన్నది కూడా అంతే, పుట్టించిన కథ. నీ ముందు కూర్చున్న ఇంటర్ పిల్ల ఫోను తీసి అక్కడే చూసుకుంటది, పక్షిరాజు అబద్ధమైతే ఖాళీ సమాధి సంగతి ఏందని లోపల అనుకుంటది, పైకి ఆమెన్ అంటది. నాకు దీని గురించి నిజంగా బాధ ఉంది, ఎందుకంటే మనం చెప్పే అసలు సంగతి నిజమని జనం నమ్మాలంటే మన నోట్లోంచి వచ్చే చిన్న సంగతులు కూడా నిజమై ఉండాలి. పక్షిరాజు కావాలంటే నిజం పక్షిరాజునే చెప్పు, అది ఈకలన్నీ ఒక్కసారి పీక్కోదు, కొంచెం కొంచెంగా రాలుస్తా కొత్తవి మొలిపించుకుంటది, రాలుస్తా కూడా ఎగురుతానే ఉంటది. పక్షిరాజు లాగా నీ యౌవనం కొత్తదవుతుందన్న కీర్తన 103:5కి ఇదే ఇంకా బాగా సరిపోద్ది.

ఒంగోలులో ఉండి వాట్సాప్ కథల కోసం వెతుకుతున్నావంటే ఆశ్చర్యమేసింది. మీ ఊరి కొండ మీద 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున అయిదుగురు మోకరించారు, అమెరికా నించి వచ్చిన మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు. దాన్నే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నాం. తర్వాత పన్నెండేళ్ళకి ఇంకో మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టాడు. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు, బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. కూలీలు తట్ట దించి కాసేపు కూర్చుంటే బోధకులు కూడా వాళ్ళ పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు. కూడు కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్ళూ ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఇవ్వలేదు. కరువు తగ్గాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది.

ఇక్కడే జాగ్రత్త. ఈ అంకెని నేను రకరకాలుగా విన్నాను, మూడు వేలని ఒకరు, పదివేలని ఒకరు, ఒక్క దొరగారే నీళ్ళలో నిలబడి అందరికీ ఇచ్చాడని ఇంకొకరు. ముందురోజు 614, ఆ రోజు 2,222, మర్నాడు 700, మూడు రోజులకి కలిపి 3,536. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు నీళ్ళలో, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఇంత పెద్ద సంగతికి మన తరఫున కలపాల్సింది ఏముంది చెప్పు? అసలు అంకె చెప్పేటప్పుడు కూడా అక్కడ ఆగిపోబాక. మట్టి తట్ట పక్కన కూర్చుని విన్న ఒక్క మనిషిని పట్టుకో, పేరు తెలియదు కాబట్టి పేరు పెట్టబాక, ఆ చేతులు చూపించు, గడ్డపార పట్టి బొబ్బలెక్కిన చేతులు, అవి గుండ్లకమ్మ నీళ్ళు తగిలినప్పుడు ఎట్లా ఉండుంటాయో అడుగు. గుండ్లకమ్మ మీ యూత్‌లో సగం మంది చూసిన ఏరే కదా, నీళ్ళు ఎట్లుంటాయో వాళ్ళకి నువ్వు చెప్పక్కర్లేదు.

ప్రశ్న (ఊరు పేరు వెయ్యొద్దన్నారు): ఒక సహోదరి నాతో చెప్పుకున్న ఇంటి సంగతి పేరు లేకుండా ప్రసంగంలో ఉదాహరణగా చెప్పాను. అప్పటినించి ఆమె గుడికి రావట్లేదు. పేరు చెప్పలేదు కదా, తప్పేముంది?

జవాబు: పాస్టర్ గారూ, తప్పే. ఇది మీకు కఠినంగా చెప్పే అర్హత నాకు లేదు, ఎందుకంటే నేనూ ఇదే చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒకామె భర్త తాగి ఇంటికొచ్చి ఏం చేశాడో నా దగ్గర ఏడ్చి చెప్పుకుంటే, నేను నెల తర్వాత పక్క మండలంలో జరిగిన కూడికలో ఊరు మార్చి, పేరు తీసేసి చెప్పాను. ఆమెది కుట్టుమిషను, అది మాత్రం మార్చలేదు, కథకి బాగుంటదని ఉంచాను. ఆ కూడికలో ఆమె ఆడబిడ్డ ఉంది. నేను ఇంటికి పోయి క్షమాపణ అడిగితే ఆమె తిట్టలేదు, "ప్రార్థన చెయ్యమని చెప్పానయ్యా, నలుగురిలో చెప్పమని కాదు" అనింది. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

పల్లెల్లో పేరు తీసేస్తే మనిషి దాగదు, కుట్టుమిషను చాలు, గేదె రంగు చాలు. మనుషులు మన దగ్గర చెప్పుకునేవి కథలకి సరుకు కాదు. వాళ్ళే నిలబడి సాక్ష్యం చెప్తాను అంటే అది వేరే, అప్పుడు కూడా ముందు రోజు ఇంటికి పోయి "ఏది చెప్పాలనుకుంటున్నావమ్మా, ఏది వద్దు" అని అడగండి. మీరు ఈ వారమే ఆమె ఇంటికి వెళ్ళండి, ఒక్కరే కాదు, మీ శ్రీమతి అమ్మగారిని తీసుకుని వెళ్ళండి. "పేరు చెప్పలేదు కదా" అన్న మాట మాత్రం అక్కడ అనొద్దు. గుడికి రమ్మని కూడా ఆ రోజు అడగొద్దు.

ప్రశ్న (ఉలవపాడు నుంచి): ప్రసంగం ఎంతసేపు ఉండాలి? మా పాస్టరు గారు గంటన్నర చెప్తారు, కథలు బాగానే ఉంటాయి గానీ ఒక్క మాటా మనసులో నిలవట్లేదు.

జవాబు: ఎంతసేపన్న లెక్క నేను చెప్పను, కథ మంచిగా నడిస్తే గంట కూడా తెలియదు. మీ ఉత్తరంలో ఆఖర్న రాసిన ఒక ముక్క మాత్రం పట్టుకున్నాను, కొత్తగా సౌండ్ సిస్టమ్ కొన్నారని, ఎకో బాగా పెట్టించారని. పాటలకి ఎకో బాగానే ఉంటది. కథకి కాదు. "వాడి ముద్దలోదే తినేది" అని మెల్లగా అనాల్సిన మాట ఎకోలో "తినేది తినేది తినేది" అని గోడలకి కొట్టుకుంటే గొర్రెపిల్ల పోయి పల్పిట్ మిగులుద్ది. కథలో ఆగాల్సిన చోట ఆగినా ఎకో ఆగదు. అందుకే విన్నవేవీ మీ మనసులో నిలవట్లేదేమో, ఒక కారణం అదే అయ్యుండొచ్చు. వచ్చే ఆదివారం యాంప్లిఫయర్ దగ్గర కూర్చునే తమ్ముణ్ణి అడిగి, పాటలు అయిపోయి వాక్యం మొదలయ్యేటప్పుడు ఎకో మీట పూర్తిగా తగ్గించమనండి, పాస్టరు గారికి ముందే చెప్పి. వీలైతే ఒకసారి మైకే లేకుండా చెప్పమని బతిమాలండి, మీది నలభై మంది కూర్చునే గుడి అని రాశారు కదా, వెనక కూర్చున్న ముసలాయనకి కూడా వినపడుద్ది.